పంచె తెలుపు, కొంగ తెలుపు

ఆ రోజు తెల్లవారుజామున ఐదుంబావుకి కృత్తివెన్ను దగ్గర మావయ్య రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నవాళ్లం ముగ్గురం: మావయ్య, అత్తయ్య, నేను. ఉన్న వస్తువులు: నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు నాలుగు, వాటిలో తిరుగుతున్నవి మూడు, ఖాళీ మేత సంచులు ఒక కట్ట, టీ ఫ్లాస్కు, టార్చిలైటు, అప్పుడే నీళ్లలోంచి పైకి తీసిన చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దింపి ఉంచే వలగుడ్డ పళ్లెం, ఆ పళ్లెంలో పదకొండు రొయ్యలు, నా మెడలో వేలాడుతున్న చిన్న డిజిటల్ కెమెరా. తిరగని నాలుగో ఏరేటరు మీద ఒక కొంగ. దాన్ని అప్పుడు నేను లెక్కలో వేసుకోలేదు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. పుట్టింది గిలకలదిండిలో, బోటు మీద వేటకి వెళ్లేవాళ్లింట్లో. పన్నెండేళ్ల కిందట సముద్రం మానేసి, ఈ చెరువు కౌలుకి తీసుకున్నాడు. మానిపించింది అత్తయ్య. పోయిన పంట సగంలో దెబ్బతిన్నాక మావయ్య ఒకటే మాట అన్నాడు: "ఈసారి కూడా నెల ముందే రొయ్యలు పట్టాల్సి వస్తే చెరువు వదిలేసి మళ్లీ బోటెక్కేస్తా." అత్తయ్య నాకు ఫోన్ చేసి, "నువ్వు ఆ మిషన్ల చదువు చదివావు గదా, ఈ ఫొటోల గొడవేంటో చూడు నాయనా" అంది.

ఫొటోల గొడవ ఇది. గుడివాడలో నీళ్లూ మట్టీ పరీక్ష చేసే ఒకాయన ఉన్నారు. రైతులంతా డాక్టరు గారంటారు. ఆయన కింద చాలా చెరువులున్నాయి, అన్నిటికీ రోజూ తిరగలేరు. అందుకని రైతులు పొద్దున్నే చెరువు నీళ్ల ఫొటో పంపుతారు, ఆయన రంగు చూసి చెబుతారు. చెరువు నీళ్లకి ఆ రంగు కంటికి ఆనని నాచు వల్ల వస్తుంది. లేత పచ్చగా ఉంటే మంచిది. మరీ చిక్కటి పచ్చ అయితే నాచు ముదిరినట్టు. పసుపు తిరిగితే నాచు చచ్చిపోతున్నట్టు; అప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒక్క రాత్రిలో చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోవచ్చు. సీసాలో నీళ్లు గుడివాడ పంపితే బస్సులో ఆ వేడికి దారిలోనే రంగు మారుతుంది. ఫొటోయే దిక్కు.

పోయిన పంటలో మావయ్య ఫోన్‌తో తీసిన ఫొటోలో నీళ్లు చిక్కటి పచ్చగా వచ్చాయి. డాక్టరు గారు నీళ్లు మార్చమన్నారు. మార్చారు. నాలుగో రోజు నుంచి రొయ్యలు చావడం మొదలైంది. తొంభై కౌంటుకి పట్టేశారు. కౌంటు అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. అది ఎంత తగ్గితే రొయ్య అంత పెద్దది. తర్వాత నేను ఆ ఫోన్ తీసుకుని బందరులో నేను పనిచేసే పాలిటెక్నిక్ ల్యాబులో పరీక్షించాను. పచ్చదనం కనబడితే చాలు, ఆ ఫోన్ దాన్ని పచ్చిక అనుకుని ఇంకాస్త పచ్చ పులుముతోంది. చెరువు మామూలుగానే ఉండి ఉండాలి. ఎవరి తప్పూ కాదు. ఫోన్ అందంగా చూపించాలనుకుంది, అంతే.

కాబట్టి నాకు కావలసింది అందంగా చూపించని కెమెరా. బందరులో ఒక ఫొటో స్టూడియో సాయిబు గారి బీరువాలో దొరికింది. జేబులో పట్టే సైజు, పాతకాలంది, పది మెగాపిక్సెళ్లు. దాని గుణం ఒకటే: అన్నీ మన చేతిలో ఉంటాయి. నా నోటుపుస్తకంలో దానికి నాలుగు పేజీలు కేటాయించి పరీక్షలు మొదలుపెట్టాను. పొద్దున గిలకలదిండిలో చేపల వేలంపాట జరిగేచోట, నీలం టార్పాలిన్ కింద, వంజరం మొప్పల ఎరుపు. సాయంత్రం గుడివాడ స్టేషన్లో, దీపాలు వెలిగీ వెలగని వేళ, రెండో ప్లాట్‌ఫారం మీద అరటిపళ్ల బండి. టార్పాలిన్ కింద మొప్పలు ఊదాగా వచ్చాయి. అరటిపళ్లు నారింజల్లా వచ్చాయి. రెండు ఫొటోలూ తీసుకెళ్లి సాయిబు గారికి చూపించాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని, "దానికి తెలుపంటే ఏంటో తెలీదు బాబూ" అన్నారు. "ఆ వెలుగులోనే ఓ తెల్లది చూపించి, ఇదీ తెలుపంటే, అని చెప్పాలి. తెలుపు ఒక్కటి నేర్పండి, మిగతా రంగులు అదే నేర్చుకుంటది."

ఆ మాట నోటుపుస్తకంలో గీత గీసి మరీ రాసుకున్నాను. ఆయన బల్ల మీద అచ్చంగా ఈ పనికే పనికొచ్చే బూడిద రంగు అట్టముక్క ఉంది. పెళ్లిళ్ల ఫొటోలకి ముప్పై ఏళ్లు వాడిన అట్ట. అడగటానికి మొహమాటపడ్డాను. తెల్లటి వస్తువు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కదా అనుకున్నాను.

సరే, గట్టు మీదకి వద్దాం. చెరువులో రొయ్యపిల్ల వదిలాక డెబ్భై ఆరో రోజు. డాక్టరు గారు ఆ వారం దివిసీమలో చెరువుల వెంట తిరుగుతున్నారు, ఇటు రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. ముందు రొయ్య వీపు ఫొటో, ఎండ వచ్చాక నీళ్ల ఫొటో పంపమన్నారు. వీపు ఎందుకంటే, ఆ చుట్టుపక్కల రెండు చెరువుల్లో తెల్లమచ్చ తెగులు వచ్చిందని చెప్పుకుంటున్నారు. అది వస్తే పెంకు మీద తెల్లటి చుక్కలు పడతాయి, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు.

ఇంకా తెల్లవారలేదు. టార్చి వేస్తే తడి పెంకు మీద మెరుపు వచ్చి ఏమీ కనిపించట్లేదు. టార్చి ఆపించి, కెమెరా వెలుగు పట్టే సున్నితత్వం పదహారువందలకి పెంచి, మావయ్య చేతిలో ఉన్న రొయ్యని తీశాను. కార్డు నుంచి ఫోన్లోకి ఎక్కించి పంపాను. మూడు నిమిషాల్లో డాక్టరు గారి ఫోన్. మావయ్య స్పీకరు పెట్టాడు.

"ఏమండీ, వీపు మీద చుక్కలున్నాయే!"

అత్తయ్య ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆగిపోయింది.

నేను ఫొటో పెద్దది చేసి చూశాను. చుక్కలు ఉన్నమాట నిజం. రొయ్య వీపు మీద ఉన్నాయి. వలగుడ్డ మీద ఉన్నాయి. వెనక చీకటిలో ఉన్నాయి. మావయ్య బొటనవేలి మీదా ఉన్నాయి.

"డాక్టరు గారూ," అన్నాను, "ఇవి రొయ్యవి కావండీ, కెమెరావి. వెలుగు చాలకపోతే ఇలా ఇసక జల్లినట్టు వస్తుంది. మావయ్య బొటనవేలు చూడండి, దానికీ ఉన్నాయి."

"అయితే మీ మావయ్య గారికీ తెల్లమచ్చేనన్నమాట" అన్నారాయన.

"ఈయన్ని పట్టేయమంటారాండీ మరి?" అంది అత్తయ్య. "ఏ కౌంటుకి పోతాడో!"

"నోర్మూసుకో" అన్నాడు మావయ్య, కానీ ఊపిరి వదిలాక అన్నాడు.

చీకటిలో పనితీరు గురించి నేను ఆ పొద్దున నేర్చుకున్నది ఇది: సున్నితత్వం పెంచడం కంటే సమయం పెంచడం మేలు. సున్నితత్వం వందకి దించాను. అప్పుడు షట్టరు అర సెకను తెరిచి ఉండాలి. కెమెరాని మేత సంచుల మీద పెట్టి, రెండు సెకన్ల టైమరు పెడితే అది కదలదు. రొయ్య సంగతే సమస్య. అత్తయ్య రొయ్యని తడిపిన గోనెముక్కలో చుట్టి, వీపు మాత్రం బయటికి ఉంచి, చెయ్యి సంచి మీద ఆనించింది. టార్చిని రొయ్య మీదకి కాకుండా తెల్లటి మేత సంచి మీదకి తిప్పించాను. దాని నుంచి వచ్చే వెలుగు మెత్తగా ఉంటుంది. ఐదు తీస్తే మూడోది స్పష్టంగా వచ్చింది. పెంకు గాజులా ఉంది. లోపల మేత నిండిన పేగు గోధుమరంగు గీతలా కనబడుతోంది. ఒక్క చుక్క లేదు.

"శుభ్రంగా ఉంది," అన్నారు డాక్టరు గారు. "ఎండ వచ్చాక నీళ్లు పంపండి. అదే ముఖ్యం."

నాకు చాలా ఉత్సాహంగా ఉంది. నోటుపుస్తకంలో చీకటి పేజీ ముగించి, రంగు పేజీ తెరిచాను.

ఎనిమిదింటికి ఎండ సరిపోయింది. తెల్లటి వస్తువు కావాలన్నాను. మావయ్య క్షణం ఆలోచించలేదు. షెడ్డు ముందు దండెం మీద ఆరుతున్న పంచె చూపించాడు. గట్టు మీద ఆయనకి గళ్ల లుంగీయే. ఊళ్లోకి వెళ్లాలంటే మాత్రం తెల్ల పంచె ఉండాల్సిందే. "దానికంటే తెల్లంది ఈ మండలంలో ఉంటే చూపించరా అల్లుడూ" అన్నాడు. చూస్తే నిజంగానే కళ్లు జిగేల్‌మంటున్నాయి. గుడ్డ కాబట్టి మెరుపు లేదు, ఫ్రేము మొత్తం నిండుతుంది. నా అవసరాలన్నిటికీ టిక్కు పెట్టుకున్నాను. దాన్ని గట్టు మీద పరిచి, కెమెరాకి చూపించి, ఇదీ తెలుపు, అని నేర్పాను. పంచె అంచు కూడా ఫొటోలో ఒక పక్కన పడేట్టు చూసుకుని చెరువుని తీశాను. సరి చూసుకోవడానికి ఒక తెలుపు ఫ్రేములో ఉండటం మంచి పద్ధతి. ఫొటోలో పంచె అచ్చంగా తెల్లగా వచ్చింది. పంపాను.

డాక్టరు గారు ఈసారి హాస్యాలాడలేదు. "నీళ్లు పసుపు తిరిగాయండీ. నాచు పడిపోతోంది. మీకు పావు వంతు గాలి కూడా తక్కువ. రాత్రికి ఏమవుతుందో నేను చెప్పలేను. ఇప్పుడు కౌంటు ఎంత?"

"డెబ్భై రెండు" అన్నాడు మావయ్య. నిన్ననే విసురువల వేసి, తూచి చూశాడు.

"డెబ్భై రెండుకైనా చేతికొస్తాయి. పట్టే మనుషులకీ ఐసుకీ మధ్యాహ్నంలోగా చెప్పుకోండి. రేపు తెల్లారి పట్టేయండి."

ఫోన్ పెట్టేశాక మావయ్య చాలాసేపు నీళ్లకేసి చూశాడు. నేనూ చూశాను. నాకు పచ్చగానే కనిపిస్తోంది.

"పచ్చగానే ఉంది గదా మావయ్యా."

"పోయినసారీ నా కళ్లకి మామూలుగానే ఉంది. మరి ఏమైంది?" అన్నాడు. "నువ్వే గదరా అన్నావు, ఇది అబద్ధం చెప్పని కెమెరా అని."

ఆయన ఫోన్లో పట్టే మనుషుల మేస్త్రీ నంబరు వెతుకుతున్నాడు. అత్తయ్య గట్టు మీద పరిచిన పంచె మడతపెడుతోంది. తప్పు ఎక్కడ ఉండగలదో నోటుపుస్తకంలో వరుసగా రాశాను. ఒకటి, డాక్టరు గారి ఫోన్ తెర: కళ్లకి హాయిగా ఉండటానికి పసుపు పొర వేసుకుని ఉండొచ్చు. ఫోన్ చేసి అడిగాను, వేసుకోలేదన్నారు. రెండు, ఫొటో పంపడంలో రంగు చెడటం: కెమెరా తెర మీద చూసినా పసుపే ఉంది. మూడు, తెలుపు సరిగా నేర్పకపోవడం: పంచె ఫొటోలో తెల్లగానే ఉంది, కాబట్టి కాదు. నాలుగు, నీళ్లు నిజంగానే పసుపు తిరగడం, మన కళ్లే మోసపోవడం.

మూడోదాన్ని నేను కొట్టేశాను. అడ్డంగా, స్కేలు పెట్టి.

అత్తయ్య పంచె చంకలో పెట్టుకుని వచ్చి, నా భుజం మీదుగా కెమెరా తెరలోకి తొంగిచూసింది.

"ఆ కొంగకేమైంది? కామెర్లా?"

"ఏ కొంగ?"

"అదిగో, చెడిపోయిన మిషను మీద. పసుపు రాసిన పెళ్లికూతురులా ఉందే!"

చూశాను. నాలుగో ఏరేటరు మీద కొంగ లేత పసుపుగా ఉంది. తల ఎత్తి అసలు కొంగని చూశాను. తెల్లగా ఉంది. మళ్లీ ఫొటోలో చూశాను. పంచె తెలుపు, కొంగ పసుపు. రెండూ ఒకే ఎండలో, ఒకే ఫ్రేములో ఉన్నాయి. రెండిట్లో ఒకటే నిజంగా తెలుపు కాగలదు.

"అత్తయ్యా," అన్నాను, "ఈ పంచె ఎలా ఉతుకుతావు?"

"ఎలా ఉతుకుతారు? సబ్బు పెట్టి ఉతికి, నీలిమందు పెడతాను. అందరూ రెండు చుక్కలేస్తే నేను ఆరు వేస్తాను. లేకపోతే ఈ మహారాజు కడతాడా?"

"నీలిమందు పెట్టకపోతే పసుపుగా ఉంటదే!" అన్నాడు మావయ్య, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే.

నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివాను. రంగుల మీద ఒక పేపరు కూడా రాశాను. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో బకెట్లో నీలిమందు నీళ్లు చూస్తూనే ఉన్నాను. నా స్కూలు చొక్కాలన్నీ ఆ నీళ్లలో మునిగినవే. మా వైపు తెలుపు అంటేనే కాస్త నీలం కలిసిన తెలుపు. మన కంటికి అది మామూలు తెలుపు కంటే తెల్లగా కనిపిస్తుంది. కెమెరాకి మాత్రం నేను ఒక నీలం గుడ్డ చూపించి, ఇదే తెలుపు, నమ్ము, అన్నాను. అది నమ్మింది. నీలాన్ని తెలుపు చేయడానికి ప్రతిదాంట్లోంచీ కాస్త నీలం తీసేసింది. నీలం తీసేస్తే మిగిలేది పసుపు. చెరువులోంచి తీసింది, కొంగలోంచి తీసింది. కొంగకి ఎవరూ నీలిమందు పెట్టలేదు.

"మావయ్యా, ఫోన్ పెట్టేయ్."

"మేస్త్రీ లైన్లో ఉన్నాడ్రా."

"గంట ఆగమను."

మావయ్య నన్నూ, అత్తయ్యనీ, కొంగనీ మార్చి మార్చి చూశాడు. "ఇదుగో మేస్త్రీ, మళ్లీ చేస్తా" అన్నాడు.

ఆ గంటలో షెడ్డులో దొరికిన తెల్లటి వస్తువులన్నీ పోగేసి, ఒక్కొక్కటీ కెమెరాకి నేర్పి, ఒక్కోసారీ కొంగని తీశాను. ఫలితాలు నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. పంచె: కొంగ పసుపు. నా నోటుపుస్తకం కాగితం: కొంగ కొంచెం పసుపు, కాగితాల్లో కూడా తెలుపు కోసం ఏదో కలుపుతారు. అన్నం గిన్నెలో అన్నం: కొంగ కొంచెం నీలం. గల్లుప్పు: బాగానే ఉంది గాని మెరుపుల వల్ల ప్రతిసారీ మారుతోంది. రొయ్యల పెట్టెకి వాడే థర్మాకోల్ మూత: ఈ పరీక్ష మధ్యలో కొంగ ఎగిరిపోయింది.

"పోతే పోనీ, నీళ్లు తియ్యి" అన్నాడు మావయ్య.

"కొంగ లేకపోతే థర్మాకోల్ తెలుపో కాదో నాకెలా తెలుస్తుంది?"

"ఒరేయ్, నా చెరువు ఆ కొంగ చేతిలో పెట్టావా?"

అత్తయ్య ట్రేలో ఇరుక్కున్న చిన్న చేపల్ని రెండు ఏరి గట్టు మీద వేసింది. "రోజూ దీన్ని తిట్టి తరిమేది నేనే," అంది, "ఇవాళ పిలిచి మరీ భోజనం పెడుతున్నాను." ఇరవై నిమిషాలు పట్టింది. ముగ్గురం షెడ్డు నీడలో కదలకుండా కూర్చున్నాం. మావయ్య ఫోన్ రెండుసార్లు మోగింది, రెండుసార్లూ ఆయన నొక్కి ఆపేశాడు. చివరికి అది వచ్చి గట్టు మీద వాలి, మొదటి చేప అందుకుని, రెండోదాని కోసం మెడ చాచినప్పుడు తీశాను. కొంగ తెల్లగా వచ్చింది. పక్కనే గట్టు మీద మళ్లీ పరిచిన పంచె లేత నీలంగా వచ్చింది. నీళ్లు లేత పచ్చ.

పంపాను. డాక్టరు గారు వెంటనే చేశారు.

"ఇది బావుంది. ఇది ఎవరి చెరువు?"

"మాదేనండీ" అన్నాడు మావయ్య.

"మరి ఇందాకటిది?"

"అదీ మాదేనండీ. ఇందాక పంచె వల్ల పసుపొచ్చిందండీ."

"ఏ పంచె?"

మావయ్య ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. నేను మొదటి నుంచి చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విని, "నా దగ్గర ఇంకో పదిమంది రైతులు పంచె మీదే పెట్టి తీస్తున్నారేమో కనుక్కోవాలి" అన్నారు. తర్వాత కాస్త ఆలోచించి, "పట్టొద్దు. కానీ ఆ నాలుగో ఏరేటరు ఇవాళే బాగుచేయించండి. ఎల్లుండి నేనొచ్చి నా కళ్లతో చూస్తాను" అన్నారు.

మావయ్య మేస్త్రీకి ఫోన్ చేసి వద్దన్నాడు. సాయంత్రానికి మెకానిక్కు వచ్చి మోటారు బాగుచేశాడు. ఏరేటరు తిరిగేసరికి కొంగకి కూర్చునే చోటు పోయింది. డాక్టరు గారు అన్న రోజునే వచ్చి, సీసాలో నీళ్లు ముంచి, వెలుగుకి పట్టి చూసి తల ఊపారు. వెళ్లేముందు ఆ థర్మాకోల్ మూతని సగానికి విరిచి, ఒక ముక్క తన బండిలో వేసుకున్నారు.

రెండో ముక్క మీద నేను మార్కరుతో 'తెలుపు' అని రాసి కెమెరాతో పాటు షెడ్డులో మేకుకి తగిలించాను. రోజూ నీళ్లు తీసేది అత్తయ్యే. ఆమె తీసిన మొదటి వారం ఫొటోల్లో సగానికి కొంగ కూడా ఉంది. "సరిచూసుకోవద్దూ?" అంది. నీలిమందు మాత్రం మానలేదు. ఇప్పటికీ ఆరు చుక్కలే.

నూట ఏడో రోజున పట్టారు. నేను బందరులో పని ముగించుకుని వెళ్లేసరికి మొదటి వల ఒడ్డుకి వచ్చింది. మావయ్య ఆ పొద్దున బోటు మాట ఎత్తలేదు. తెల్ల పంచె కట్టుకుని, తడవకుండా పైకి దోపుకుని, కాటా పక్కన నిలబడ్డాడు. అత్తయ్య కిలో తూచి, రొయ్యల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతూ బుట్టలోకి వేసింది. మావయ్యా నేనూ కూడా పెదవులు కదుపుతూ లెక్కపెట్టాం.

నలభై మూడు.